అన్నయ్య ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది, ఇంకా చెప్పలేదు

పీజీ ఆఖరి ఏడాది చదువుతున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, పేరు వేయవద్దన్నారు. కుదించి చెబుతున్నాను.

సొంత ల్యాప్‌టాప్ పాడైపోతే, థీసిస్ అయ్యేదాకా వాడుకోమని అన్నయ్య తనది ఇచ్చాడట. ఇస్తున్నప్పుడు వదిన "జాగ్రత్తమ్మా, మా లెక్కలూ కాగితాలూ అన్నీ అందులోనే ఉన్నాయి" అందట. పదకొండు రోజుల కిందట, అర్ధరాత్రి దాటాక, మోచెయ్యి తగిలి సగం కప్పు టీ కీబోర్డు ఎడమవైపు ఒలికింది. పాలూ చక్కెరా వేసిన టీ. గబగబా గుడ్డతో తుడిచారు. ఫైలు సేవ్ చేసి, విండోస్ దాని తీరున అది షట్‌డౌన్ అయ్యేదాకా ఆగారు. హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు వేడిగాలి కొట్టారు. ఎవరో చెబితే బియ్యంలో రెండు రోజులు ఉంచారు. మూడోరోజు ఆన్ చేస్తే అన్ని కీలూ చక్కగా పనిచేశాయి. "గండం గడిచిందనుకున్నాను" అని రాశారు.

నాలుగు రోజులు గడిచాక ఎక్స్ మొరాయించింది. మర్నాటికి 2, డబ్ల్యూ, ఎస్ కూడా పోయాయి. తర్వాత ట్యాబ్ కీ ఎవరూ ముట్టుకోకుండానే పడుతూ కర్సర్‌ను ఎక్కడెక్కడికో తీసుకుపోతోంది. బయటి కీబోర్డు ఒకటి తగిలించి పని నెట్టుకొస్తున్నారు. ఈమధ్య కొత్తగా, ల్యాప్‌టాప్ కీబోర్డు మీద యు నొక్కితే 4, ఐ నొక్కితే 5 పడుతున్నాయి. మొన్న రాత్రి మూత తెరిచే ఉంచి పడుకుంటే, మూడింటికి స్క్రీన్ దానంతటదే వెలిగింది. పవర్ బటన్ కూడా కీబోర్డులోనే కుడి పై మూలన ఉంటుందని రాశారు, మంచి పని చేశారు.

రెండు రిపేరు షాపులకు వెళ్లారు. ఒకాయన కౌంటరు అవతలి నుంచే కథంతా విని "బోర్డు పోయింది, మార్చాల్సిందే" అన్నాడు (బోర్డంటే కీబోర్డు కాదు, లోపలుండే మదర్‌బోర్డు). ఇంకొకాయన "కీబోర్డు మారిస్తే చాలు" అన్నాడు. స్నేహితురాలేమో "వీడియో చూసి మనమే విప్పేద్దాం, గంట పని" అంటోంది. థీసిస్ ఇవ్వడానికి మూడు వారాలే ఉంది. 120 పేజీలు అందులోనే ఉన్నాయి. ప్రతి ఆదివారం అన్నయ్య ఫోన్ చేసి "ఎలా ఉందే ల్యాప్‌టాప్?" అంటే "బాగానే ఉందన్నయ్యా" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, సొంతంగా విప్పవచ్చా, అన్నయ్యకు తెలియకుండా బాగుచేయించి ఇచ్చేయవచ్చా అన్నవి ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒకే ఒక్క వాక్యం కోసం వెతుకుతూ చదివాను: "థీసిస్ ఇంకోచోట కూడా ఉంది" అని. ఆ వాక్యం లేదు. కాబట్టి ముందు అదొక్కటీ కానివ్వండి, మిగతాదంతా తర్వాత చదవవచ్చు.

బయటి కీబోర్డు, మౌస్ ఉన్నాయి కదా, ఇవాళే ల్యాప్‌టాప్ ఒక్కసారి ఆన్ చేసి థీసిస్ ఫోల్డరంతా పెన్ డ్రైవ్‌లోకి ఒకటి, మీ మెయిల్‌కో ఆన్‌లైన్ డ్రైవ్‌కో ఒకటి పంపండి. అన్నయ్యా వదినల కాగితాలు కూడా, తెరిచి చూడకుండా, వేరే డ్రైవ్‌లోకి ఎత్తండి. పాస్‌వర్డు దగ్గర కీబోర్డు సతాయిస్తే లాగిన్ స్క్రీన్ కింద కుడి మూలలో మనిషి బొమ్మలాంటి గుర్తు ఉంటుంది, అందులో ఆన్-స్క్రీన్ కీబోర్డు దొరుకుతుంది, మౌస్‌తో నొక్కవచ్చు. విండోస్ లోపలికి వెళ్లాక విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కినా అదే వస్తుంది. ట్యాబ్ పిచ్చిగా పడుతున్నప్పుడు ఫైళ్లను కట్ చేయకండి, కాపీ మాత్రమే చేయండి. కాపీ అయ్యాక ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆ తర్వాత ఆఫ్ చేసి, చార్జర్ తీసేసి, పక్కన పెట్టేయండి.

పెట్టేయమని ఎందుకంటున్నానో చెబుతాను. మీకు అర్థంకాని విషయం ఒకటి ఉత్తరమంతా వినిపిస్తోంది: నాలుగు రోజులు బాగా పనిచేసింది ఐదో రోజు ఎందుకు పోవాలి? ఆరిపోయింది కదా?

ఆరింది నీళ్లు. టీలో నీళ్లు కాక ఇంకా చాలా ఉన్నాయి. చక్కెర, పాలలోని కొవ్వు, మాంసకృత్తులు, లవణాలు, ఇవేవీ గాలికి ఎగిరిపోయేవి కావు. నీరు పోయేకొద్దీ చిక్కబడి, సన్నటి బంకపొరగా అక్కడే పేరుకుంటాయి. ఆ చక్కెర పొర గాలిలోని చెమ్మను పీల్చుకుంటూ ఉంటుంది. అంటే లోపల ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది. తడి, అందులో కరిగిన లవణాలు, పక్కనే కొద్దిపాటి కరెంటు, ఈ మూడూ కలిస్తే లోహం తినేయబడుతుంది. మామూలు నీళ్లు ఒలికిన ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా బతికి బట్టకట్టడానికీ, టీ, పళ్లరసం, కూల్‌డ్రింకు ఒలికినవి వారం తర్వాత నా బల్ల మీదికి రావడానికీ తేడా ఇదే.

బియ్యం చేసే మేలు ఏమీ లేదు. విడిగా గాలికి వదిలేసినా అంతే ఆరేది, పైగా పొట్టూ పిండీ రంధ్రాల్లోకి పోతాయి. వేడిగాలి తడిని బయటికి లాగదు, లోపలికి తోస్తుంది, ఉన్న టీని త్వరగా బంకగా మారుస్తుంది. ఇది తప్పెత్తి చూపడం కాదు. ఒలికిన ఆ నిమిషంలో అందరూ చేసేది ఇదే. ఆ క్షణంలో సేవ్ సంగతి వదిలేసి, చార్జర్ పీకి, పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, ల్యాప్‌టాప్‌ను బోర్లించి ఇంటి కప్పులా నిలబెట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు అనుకుని లాభం లేదు, అయినా రాస్తున్నాను, ఇది చదివే వేరేవాళ్ల కోసం.

ఇప్పుడు ఆ నాలుగు కీల దగ్గరికి వద్దాం. కీబోర్డు పైన కనిపించే ప్లాస్టిక్ టోపీ తీస్తే కింద కత్తెరలా మడిచి లేచే చిన్న చట్రం, దాని నడుమ రబ్బరు బుడిపె ఉంటాయి. బుడిపె కింద మూడు పల్చని ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి. పైదాని మీదా, అడుగుదాని మీదా వెండి కలిసిన సిరాతో గీతలు అచ్చువేసి ఉంటాయి. నడుమ షీటుకు ప్రతి కీ కిందా ఒక గుండ్రటి చిల్లు. మీరు కీ నొక్కితే పై షీటు ఆ చిల్లులోంచి దిగి అడుగు షీటును ముద్దాడుతుంది, అక్షరం పడుతుంది. అంతే యంత్రం. షీట్ల మధ్య ఖాళీ వెంట్రుక మందం. ఒక్క చుక్క అక్కడికి చేరితే రెండు అద్దాల మధ్య నీటిబొట్టులా పాకుతూ పోతుంది, ఒలికిన చోటు నుంచి బెత్తెడు దూరం దాకా కూడా.

ఒక్కో కీకి ఒక్కో తీగ లాగితే వంద తీగలు కావాలి. అందుకని గళ్లనుడికట్టులా అడ్డవరసలు, నిలువు వరసలుగా కలుపుతారు, మామూలుగా 8 ఒకవైపు, 16 ఒకవైపు. ఇలా 24 గీతలతో పని జరిగిపోతుంది. చాలా కీబోర్డుల్లో 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. మీ కీబోర్డు మీద చూడండి, పై నుంచి కిందికి ఒకే ఏటవాలులో కనిపిస్తాయి. నాలుగు కీలు నాలుగు వేర్వేరు రోగాలతో పోలేదన్నమాట. ఒక్క గీత ఎక్కడో తెగింది. ముందు ఆ గీత కొసన ఉన్న ఎక్స్ పోయి, తర్వాత తెగుదల పైకి పాకి ఉంటుంది. ట్యాబ్ సంగతి దీనికి తలకిందులు. తడిలో కరెంటు ఉన్నప్పుడు వెండి కరిగి, పక్క గీత వైపు సన్నటి మొలకల్లా పెరుగుతుంది. మొలక అవతలి గీతను తాకిందంటే, ఎవరో కీ నొక్కి పట్టుకున్నారని ల్యాప్‌టాప్ అనుకుంటుంది. ఒకే టీ ఒకచోట తెంచుతుంది, ఇంకోచోట కలుపుతుంది.

యు నొక్కితే 4, ఐ నొక్కితే 5 పడడం మాత్రం టీ పని కాదు, దాని గురించి బెంగపడకండి. విడిగా అంకెల పలక లేని కొన్ని ల్యాప్‌టాప్‌లలో నంబర్ లాక్ ఆన్ అయితే యు, ఐ, ఓ కీలు 4, 5, 6 గానూ, జె, కె, ఎల్ కీలు 1, 2, 3 గానూ మారతాయి. మీరు తగిలించిన బయటి కీబోర్డు మీద నంబర్ లాక్ వెలుగుతూ ఉండి ఉంటుంది, విండోస్ దాన్ని రెండు కీబోర్డులకూ వర్తింపజేస్తుంది. కాపీ కోసం ఆన్ చేసినప్పుడే అక్కడ ఒకసారి నొక్కి ఆపి చూడండి. పోకపోతే నాకు మళ్లీ రాయండి, కానీ పోతుంది. ఏదైనా ఒలికాక ప్రతి చిన్న తేడా దానివల్లే అనిపిస్తుంది. నేను ఒకసారి ఇలాగే నంబర్ లాక్ అయిన ల్యాప్‌టాప్‌ను పూర్తిగా విప్పి, కడిగి, బిగించి, అప్పుడు గమనించాను. ఆ పూట ఎవరికీ చెప్పలేదు.

అర్ధరాత్రి స్క్రీన్ వెలగడానికి రెండు దారులున్నాయి. పడుకునే ముందు షట్‌డౌన్ చేయకుండా అలాగే వదిలేసి ఉంటే, ల్యాప్‌టాప్ నిద్రపోయి ఉంటుంది, ట్యాబ్ దానంతటదే పడగానే లేచి ఉంటుంది. పూర్తిగా ఆఫ్ చేసినదే లేచిందంటే పవర్ బటన్ గీత దగ్గరికీ తడి చేరిందని. రెండోదైతే మరింత తొందరపడాలి. ఎందుకంటే మీరు సంచిలో పెట్టి తీసుకుపోతుంటే లోపలే ఆన్ అయి వేడెక్కవచ్చు.

ఈ లక్షణాలన్నీ కీబోర్డు వైపే వేలు చూపుతున్నాయి. బోర్డు పోయిందనడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారం కూడా లేదు: చార్జింగు ఎక్కుతోంది, బయటి కీబోర్డు బాగా పనిచేస్తోంది, స్క్రీన్ బాగుంది, టచ్‌ప్యాడ్ గురించి ఫిర్యాదు లేదు. కాపీలు అయ్యాక, పక్కన పెట్టేముందు, ఇంకొక పరీక్ష మీరే చేయవచ్చు. బయటి కీబోర్డు పీకేసి, ఆన్ చేసిన వెంటనే బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. మోడల్‌ను బట్టి ఎఫ్2, డిలీట్ లాంటి కీ ఒకటి నొక్కాలి. అక్కడ విండోస్ ఉండదు. అక్కడ కూడా ట్యాబ్ దానంతటదే పడి ఎంపికలు కదులుతుంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే పని పూర్తిగా అయిపోయినట్టే. ఏదీ మార్చకుండా, సేవ్ చేయకుండా బయటికి రండి.

అయితే "బోర్డుకు ఆధారం లేదు" అంటే "బోర్డు బాగుంది" అని కాదు, ఈ తేడా గుర్తుంచుకోండి. సగం కప్పు అంటే తక్కువేం కాదు. కొన్ని మోడళ్లలో, థింక్‌ప్యాడ్‌లలాంటి వాటిలో, కీబోర్డు మీద పడిన నీరు అడుగు నుంచి కారిపోయేలా కాలువలు, చిల్లులు పెడతారు. అవి లేని వాటిలో టీ కీబోర్డు దాటి కిందున్న బోర్డు మీదికి దిగవచ్చు. దిగిందో లేదో తేలేది ఒకే ఒక్క పద్ధతిలో: అడుగు మూత విప్పి కళ్లతో చూడాలి. కీబోర్డు ఎడమభాగం కింద గోధుమరంగు చారలున్నాయా, కనెక్టర్ల కాళ్ల దగ్గర తెల్లటి పొడిగానీ రాగికి పట్టే పచ్చటి చిలుముగానీ ఉందా, తడి తగిలితే ఎర్రబడే చిన్న తెల్ల స్టిక్కర్లు కొన్ని కంపెనీలు లోపల అంటిస్తాయి, అవి రంగు మారాయా? విప్పకుండా బోర్డు పోయిందన్న మాటకీ, విప్పకుండా బోర్డుకేమీ కాలేదన్న మాటకీ నా దగ్గర ఒకటే విలువ. మీ ఇద్దరు షాపువాళ్లలో రెండో ఆయన చెప్పింది నిజమయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఆయన కూడా చూసి చెప్పలేదు.

కాబట్టి షాపుకు వెళితే అడగాల్సింది "ఎంతవుతుంది" అని కాదు, ముందు "మూత విప్పి నాకు చూపిస్తారా" అని. చూపించి, వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ చిలుము" అనే మనిషి దొరికితే మిగతా బేరం ఆయనతోనే ఆడండి. బోర్డు మీద మరకలుంటే మార్చాలనేం లేదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగితే చాలాసార్లు సరిపోతుంది. "కడుగుతారా, మారుస్తారా" అని అడగండి. కడగడం తమకు రాదనేవాళ్లు మార్చడమే మందు అంటారు. మామూలు వారంటీ ఒలికినవాటికి వర్తించదు. కానీ కొనేటప్పుడు ప్రమాదవశాత్తు నష్టానికి విడిగా కవరేజీ తీసుకునే వీలుంటుంది, మీ అన్నయ్య తీసుకున్నాడేమో మీకు తెలియదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, మీరిప్పుడు చేస్తున్నదే: బయటి కీబోర్డుతో మూడు వారాలు నెట్టుకొచ్చి, థీసిస్ ఇచ్చేశాక రిపేరు. మనసుకు ఇదే హాయి. కానీ ట్యాబ్ ఊరుకోదు. ఇవాళ ట్యాబ్, రేపు డిలీటో బ్యాక్‌స్పేసో అయితే ఒక అధ్యాయం ఎంపికై ఉన్న క్షణంలో పడిందంటే మీకు తెలిసేలోపు పోతుంది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో లోపలి కీబోర్డును ఆపే వీలున్నా, రీస్టార్ట్ అయ్యాక అది తిరిగి వచ్చేయడం మామూలే. అన్నిటికన్నా ముఖ్యంగా, బ్యాటరీ లోపల తగిలి ఉన్నంతకాలం, ఆఫ్ చేసినా కొన్ని చోట్ల కరెంటు ఉంటూనే ఉంటుంది. టీ గనక బోర్డు మీదికి దిగి ఉంటే ఈ మూడు వారాలూ అది తింటూనే ఉంటుంది. ఇవాళ బ్రష్‌తో పోయేది అప్పటికి పోకపోవచ్చు. ఈ దారే పట్టాలనుకుంటే, కనీసం ఒకసారి మూత విప్పించి బోర్డు చూపించి, కీబోర్డును బోర్డుకు కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్ ఊడదీయించి, అప్పుడు బయటి కీబోర్డుతో రాసుకోండి. ఒక చిక్కుంది: మీ పవర్ బటన్ కీబోర్డులోనే ఉంది కాబట్టి రిబ్బన్ తీసేస్తే ఆన్ చేసే మార్గం పోవచ్చు. కొన్ని మోడళ్లు చార్జర్ పెట్టగానే ఆన్ అయ్యేలా బయాస్‌లో అమర్చుకోవచ్చు, కొన్నిట్లో ఆ సదుపాయం ఉండదు. రిబ్బన్ తీయకముందే చూసుకోవాలి.

రెండోది, కీబోర్డును కడగడం. వీడియోల్లో కీ టోపీలు పీకి దూదితో తుడుస్తారు. కీ బంకగా దిగబడి లేవడం కష్టమైతే అది పనిచేస్తుంది. మీ సమస్య అది కాదు. షీట్ల మధ్యలో తెగిన గీతను పైనుంచి ఎంత తుడిచినా అతకదు. ఆ షీట్లు ఒకదానికొకటి అంటించి ఉంటాయి, విడదీస్తే మళ్లీ సరిగ్గా కూర్చోవు. మీరు దీని మీద ఒక్క సాయంత్రం కూడా ఖర్చుపెట్టవద్దు.

మూడోది, స్నేహితురాలితో కలిసి విప్పి కొత్త కీబోర్డు వేయడం. "గంట పని" అన్న మాట ఏ మోడల్‌ను చూసి అన్నదో అడగండి. కొన్నిట్లో అడుగున రెండు స్క్రూలు తీస్తే కీబోర్డు పైకి లేచి వస్తుంది, అది నిజంగానే గంట పని. ఈమధ్యవాటిలో ఎక్కువగా బోర్డు, ఫ్యాను, బ్యాటరీ అన్నీ తీశాక అడుగున కీబోర్డు కనిపిస్తుంది. అది కూడా 50కి పైగా చిట్టి స్క్రూలతోనో, కరిగించి అతికిన ప్లాస్టిక్ మేకులతోనో పై చట్రానికి బిగించి ఉంటుంది. మేకులుంటే కీబోర్డు ఒక్కటే కొనకుండా, చట్రంతో కలిపి మొత్తంగా దొరుకుతుందేమో చూడటం మేలు. మేకులు విరిచి మళ్లీ అతికిన కీబోర్డు నడుమ దిగబడి ఊగుతుంది, మీ అన్నయ్య మొదటి వాక్యం టైపు చేయగానే పట్టేస్తాడు.

విప్పడానికే నిశ్చయించుకుంటే, మూత తీయగానే మీ చెయ్యి మొదట వెళ్లాల్సింది బ్యాటరీ కనెక్టర్ దగ్గరికి. అది ఊడాకే మరేదైనా. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడే ఆగి మూత పెట్టేసి షాపుకు తీసుకెళ్లండి, దాన్ని గుచ్చడం, వంచడం చేయవద్దు. ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను బొమ్మలో దాని స్థానంలోనే టేపుతో అంటించండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగుతుంది.

రిబ్బన్ కేబుల్ దగ్గర ఊపిరి బిగబట్టండి. బియ్యపు గింజంత మందం ఉన్న ఒక నల్లటో తెల్లటో పట్టీ కేబుల్‌ను నొక్కి పట్టుకుని ఉంటుంది. ఆ పట్టీని గోరుతో పైకి లేపితే, కేబుల్ దానంతటదే జారి వచ్చేస్తుంది. లాగాల్సిన పని లేదు. లాగాల్సి వస్తోందంటే పట్టీ ఇంకా లేవలేదన్నమాట. కొన్నిట్లో పట్టీ లేవదు, పక్కకు జరుగుతుంది. నేను మొదట్లో ఇలాంటి ఒక పట్టీని తొందరలో విరిచాను. అరంగుళం ప్లాస్టిక్ ముక్క కోసం కనెక్టర్ మొత్తం టంకం కరిగించి మార్చాల్సి వచ్చింది. కీల కింద వెలుతురు ఉండే మోడల్ అయితే పక్కనే ఇంకో సన్నటి రిబ్బన్ ఉంటుంది, చాలామంది దాన్ని మరిచి కీబోర్డు ఎత్తేస్తారు. కొత్త కీబోర్డు కొనేటప్పుడు మోడల్ పేరు చాలదు. పాతదాని వెనక అంటించిన పార్టు నంబరు, ఎంటర్ కీ ఆకారం, వెలుతురు ఉందా లేదా, పవర్ కీ ఉందా, రిబ్బన్ ఎక్కడి నుంచి వస్తోంది, అన్నీ సరిపోవాలి. అంటే విప్పి చూశాకే ఆర్డరు పెట్టాలి, వచ్చేదాకా విప్పిన ల్యాప్‌టాప్ బల్ల మీద ఉంటుంది. మూడు వారాల గడువులో ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

నాలుగోది, విప్పి చూపించే షాపు. ఖర్చు ఎక్కువే, కానీ పాడుచేస్తే బాధ్యత ఆయనది. కీబోర్డు ఖరీదు మామూలుగా బోర్డు ఖరీదులో చిన్న భాగమే. కాబట్టి రెండో షాపాయన చెప్పిన దారి మీ తాహతుకు మించదనుకుంటున్నాను. మీ స్థానంలో నేనుంటే థీసిస్ కాపీతో విశ్వవిద్యాలయం ల్యాబులోనో, స్నేహితురాలి కంప్యూటర్‌లోనో రాసుకుంటూ, ల్యాప్‌టాప్‌ను ఈ వారంలోనే షాపులో ఇచ్చేదాన్ని. మీ స్నేహితురాలికి ఇలాంటివి విప్పిన అనుభవం ఉంటే, మోడల్ సులువుదైతే, మూడో దారిని కూడా కాదనను. కానీ ల్యాప్‌టాప్ మీది కాదు.

ఇక్కడికే రావాలని ఇంతసేపూ చూస్తున్నాను. అన్నయ్యకు తెలియకుండా బాగుచేయించి ఇవ్వవచ్చా అని అడిగారు. వీలవుతుంది. కీబోర్డు మార్చాక ఎవరూ గుర్తుపట్టకపోవచ్చు. ఆరు నెలల తర్వాత బోర్డు మీద మిగిలిన మరక వల్ల చార్జింగు ఆగిపోతే, ఆయన తీసుకెళ్లిన చోట మూత విప్పిన మనిషి "దీని మీద ఎప్పుడో ఏదో ఒలికింది, ఎవరో విప్పారు" అంటాడు. ఆ మాట వదిన పక్కన నిలబడి వింటుందేమో కూడా.

అది భయపెట్టడానికి చెప్పలేదు. చెప్పకుండా చేయలేని పనులు కూడా ఉన్నాయి. ప్రమాద కవరేజీ ఉందో లేదో ఆయనకే తెలుసు. ఉండి, మీరు బయట విప్పిస్తే అది చేజారవచ్చు. ఇంకొకటి, చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్కు తాళం వేసి ఉంటుంది, బోర్డు మార్చాల్సి వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా అది ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రపరిచి ఉంటుంది. అది లేకపోతే వాళ్ల లెక్కలూ కాగితాలూ అన్నీ అందులోనే ఉండిపోతాయి. పైగా ఆయన పాస్‌వర్డులు, ఖాతాలు ఉన్న యంత్రాన్ని ఆయనకు తెలియకుండా కొత్త మనిషి చేతిలో పెడుతున్నారు. ఆ నిర్ణయం తీసుకోవాల్సింది మీరు కాదు.

చెబితే కోప్పడతాడా? కోప్పడవచ్చు. మీ ఉత్తరంలో అన్నయ్య గురించి రాసిన నాలుగు వాక్యాల్లో ఒక్కదాంట్లో కూడా ఆయన కోపిష్టి అని లేదు. వదిన అన్న "జాగ్రత్తమ్మా" ఒక్కటే మీ చెవిలో తిరుగుతోంది. మీరు భయపడుతున్నది ఆవిడకని నా అనుమానం. అలాగైతే ఇద్దరికీ ఒకేసారి చెప్పండి, ఆయన ద్వారా ఆవిడకు చేరే మాటలా వదిలేయకండి. టీ ఒలకడం కన్నా రెండు ఆదివారాలు "బాగానే ఉంది" అన్నదే ఎక్కువ నొప్పిస్తుంది. మూడో ఆదివారం దాకా ఆగితే అది మూడవుతుంది.

ఎలా చెప్పాలంటారా? ఏడుస్తూ మొదలుపెడితే ఆయన మిమ్మల్ని ఓదార్చడంలో పడి అసలు సంగతి వినడు. "అన్నయ్యా, పదకొండు రోజుల కిందట నీ ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది. నాలుగు కీలు పోయాయి. భయపడి చెప్పలేదు. మీ ఫైళ్లన్నీ కాపీ తీసి పెట్టాను. కీబోర్డు మార్చాల్సి ఉంటుందంటున్నారు, ముందు మూత విప్పి చూపించాలి. కవరేజీ ఏమైనా ఉందా? ఖర్చు నేను పెట్టుకుంటాను." ఇంత చాలు. ఫైళ్లు భద్రంగా ఉన్నాయన్న వాక్యం వదిన చెవిన పడేలా చెప్పండి, అది నిజమయ్యాకే చెప్పండి. ఆయన "నువ్వు ముట్టుకోకు, నేను చూసుకుంటా" అనవచ్చు, అప్పుడు మీ దారులు నాలుగూ ఆయనవి అవుతాయి. "నీకు తోచినట్టు చెయ్యి" అన్నా, "థీసిస్ అయ్యాక చూద్దాం" అన్నా కూడా అడుగు మూత ఒకసారి ఈ వారంలోనే విప్పించి చూడటానికి ఒప్పించండి.

కొత్త కీబోర్డు పడ్డాక, మూత బిగించకముందే, ఖాళీ ఫైలు ఒకటి తెరిచి 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్‌తో మొదలుపెట్టి ప్రతి కీ నొక్కించి చూడండి. తర్వాత చెయ్యి తీసేసి, ట్యాబ్ దానంతటదే పడుతుందేమో ఐదు నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చోండి.